అసిరమ్మ వెనక్కి తిరిగిన వంతెన

నేను ఒక రాతి వంతెనను. పాత కోటకూ కొత్త బజారుకూ మధ్య, ఏటి మీద, తెల్లదొరల కాలంలో లేచాను. సున్నంలో బెల్లం నీళ్లు కలిపి నన్ను కట్టిన కూలీల పేర్లు ఎవరికీ గుర్తులేవు. రిబ్బను కత్తిరించిన దొర పేరు మాత్రం ఇప్పటికీ నా నుదుటి మీద ఉంది. ఎడ్లబండ్లనూ జట్కాలనూ సిటీ బస్సులనూ మోశాను. పక్కన సిమెంటు వంతెన వచ్చాక నన్ను చారిత్రక కట్టడం అన్నారు. అంటే ఇక మరమ్మతు చేయరని అర్థం.

ఏరు పొంగితే నా నడిమి కమాను మీద నిలబడి గంగమ్మకు చీర పెట్టడం ఈ ఊరి ఆచారం. అప్పుడే వరద తీస్తుందని నమ్మకం. ఆ చీర పెట్టే చెయ్యి అసిరమ్మది. అత్తగారి తర్వాత ఆమెకు దక్కిన గౌరవం అది. ఏడాది పొడుగునా ఆమె చేపల గంప చూసి ముక్కు మూసుకునేవాళ్లు కూడా ఆ ఒక్కరోజు ఆమె కాళ్లకు పసుపు రాసేవారు.

మొన్న వానాకాలం ఏరు నా మెడ దాకా వచ్చింది. నడిమి స్తంభం కింద ఇసుక కొట్టుకుపోతోంది. పైన చూస్తే తిరునాళ్లే! పోలీసులు మైకులో గొంతు చించుకున్నారు. వినేదెవరు? బిడ్డల్ని భుజాలకెత్తుకుని మరీ వచ్చారు. నాకు భయం వేసింది. ఇంకాసేపు, ఇంకాసేపు అని నన్ను నేనే బతిమాలుకున్నాను.

డప్పుల మధ్య నడిచొస్తున్న అసిరమ్మ ఉన్నట్టుండి ఆగింది. నా వణుకు ఆమె అరికాళ్లకు తగిలింది. జనం వంక చూసింది. పొమ్మంటే పోరని ఆమెకు తెలుసు.

"తల్లి ఇయాల ఒడ్డుమీదే చీర పెట్టమంటంది. నడవండర్రా!" అని కేకేసి వెనక్కి తిరిగింది.

చీర ఎటు పోతే జనం అటు. చివరికి సెల్ఫీ దిగుతూ మిగిలిన ఒక మహానుభావుడి కోసం ప్రాణం ఉగ్గబట్టుకున్నాను. అతని కాలు ఒడ్డు మీద పడగానే నా నడుం విరిగింది. మూడు కమానులు ఏట్లో కలిశాయి.

అందరూ ఆమెకు దండం పెడతారనుకున్నాను, పిచ్చిదాన్ని.

"నడిమిన పెట్టుంటే ఇంత జరుగునా? దీనివల్లే వంతెన పోనాది!" అన్నారెవరో. మిగతావాళ్లు అందుకున్నారు.

"వంతెన వణికింది బాబూ, నా కాళ్లకి తెలిసింది," అంది అసిరమ్మ.

"మరి తల్లి చెప్పిందన్నావేటి?"

ఆమె చేతుల్లోంచి చీర లాక్కున్నారు.

ఇప్పుడు చీర పెట్టే చెయ్యి వేరేవాళ్లది. అసిరమ్మ గంప నెత్తిన పెట్టుకుని సిమెంటు వంతెన మీదుగా పోతుంది, నా వైపు చూడదు. ఎవరూ ఇటు పోకూడదని నా మొండి కమానుకు బోర్డు కట్టారు.

ఆ వణుకు నిజం. అది నాదే. ఈ ఊరివాళ్లకు నా మాట వినపడదు. మీరెప్పుడైనా ఈ దారిన వస్తే, అసిరమ్మకు వినపడేలా, ఆ మాట నలుగురిలో చెప్పండి.