పటంలో లేని గడి

ఆ ఆఫీసులో అందరూ ఆవిడను చాటుగా పటం మేడమ్ అనేవారు. ఆసుపత్రి కంప్యూటర్లో రోగుల వివరాలు ఏ పట్టికలో, ఏ గడిలో ఉండాలో పటం గీసే పని ఆవిడది. రెండు వారాలకోసారి ప్రోగ్రాము కొత్త రూపంలో బయటికి వెళ్తుంది. అప్పుడు కంప్యూటరే అసలు పట్టికల్ని పటంతో సరిచూసి, పటంలో లేనిదాన్ని తీసిపారేస్తుంది. ఆ ఏర్పాటు చేసిందీ ఆవిడే. "ముందు పటం, తర్వాతే పట్టిక" అని అందరి చెవుల్లో జోరీగలా పోరేది. పటం ముట్టుకోకుండా ఎవడైనా ఒక్క గడి పేరు మార్చాడో, ఇక వాడి పని అయిందే!

అలాంటి మనిషి సోమవారం పొద్దున ఆ నియమాన్ని గట్టున పెట్టింది. వాళ్ళ వదిన అదే ఆసుపత్రిలో నర్సు. ఫోన్ చేసి ఒకటే గోల.

"అమ్మాయ్, రేపు ఆపరేషన్లున్నవాళ్ళంతా ఇవాళే వచ్చి వివరాలు చెప్పి వెళ్తున్నారు. ఎవరికి ఏ మందు పడదో రాయడానికి చోటే లేదు. ఒక్క గడి పెట్టి పుణ్యం కట్టుకోవే!"

వదిన మాట కాదనలేక, అసలు పట్టికలోనే నేరుగా గడి పెట్టేసింది. మీటింగయ్యాక పటంలో గీద్దాంలే అనుకుంది. ఒక మీటింగు కాస్తా మూడయ్యాయి, ఆ సంగతి గాలికి పోయింది. మధ్యాహ్నం కొత్త రూపం వెళ్ళింది. గడీ లేదు, పొద్దుటినుంచి అందులో ఎక్కించిన ఇరవై ఆరుగురి వివరాలూ లేవు. దాచిన నకలు చూస్తే ముందురోజుది. అందులో ఏముంటుంది, నా మొహం!

వదిన మళ్ళీ ఫోన్. "ఏమే, అంతా ఖాళీగా ఉందేంటి? మనుషులు ఇళ్ళకెళ్ళిపోయారు. రేపు పొద్దున్నే మత్తు డాక్టరు చూసేది దీన్నే!"

పక్క సీటు ప్రోగ్రామరు ఎవరేం మార్చారో చూపే చిట్టా తెరిచి, ఆవిడ పేరు చూసి, మెల్లగా మూసేశాడు.

"మొహమాటపడకు. నేనే" అంది.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చావడానికైనా తీరిక ఉండాలిగా! ముందు పటంలో గడి గీసింది, తర్వాత పట్టికలో పెట్టించింది, ఇరవై ఆరు ఫోన్ నంబర్లు ముందేసుకుని కూర్చుంది. ఒకావిడ విసుక్కుంది. ఒకాయన నాకేం తెలుసని ఫోన్ కోడలి చేతికిచ్చాడు. సాయంత్రానికి ఇరవై ఐదు నిండాయి. చివరి తాతగారు ఆరోసారికి ఎత్తారు.

"పొద్దున ఆ నర్సమ్మకు చెప్పానుగా! రాసుకుంది కూడానూ."

"రాసుకుంది తాతగారూ. నేనే చెరిపేశాను."



"పెన్సిలిన్ పడదమ్మా. పోయినసారి ఇస్తే రెండు రోజులు స్పృహ లేదు. రాశావా? ఏదీ, చదువు."

ఆవిడ చదివింది.

"ఇంకోసారి చదువు" అన్నారాయన.