ఇసుమంతైనా కదలని గీత

ఆ ఇంట్లో గాలి కూడా అడిగి లోపలికి రావాలి. కింది అంతస్తులో స్నానాలగదిని ఆనుకుని ఉన్న ఒకే ఒక మంచి గదిలో ఇంటాయన రేడియో పెట్టుకున్నాడు మరి! ఈయనగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ కొట్లవాళ్ళను పీక్కుతిన్నాడు. ఇప్పుడు పీక్కుతినడానికి భార్య ఒక్కతే మిగిలింది పాపం.

రేడియో అంటే పాటలొచ్చేది అనుకునేరు. అంత అదృష్టమా! ఇది చాలా తక్కువ ఫ్రీక్వెన్సీది. దీని అల ఒక్కోటి రెండు కిలోమీటర్ల పొడవుంటుందట. అంతటి అలను పంపడానికి ఎంత తీగ కట్టినా చాలదు కనక, డాబా మీంచి నీళ్ళ ట్యాంకుకీ, ట్యాంకు నుంచి పక్కింటి పిట్టగోడకీ, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కీ లాగి కట్టాడు. ఇంటావిడకు తడిబట్ట ఆరేసుకునే జాగా లేదు. పోనీ ఇంత చేసి అందులో నాలుగు మాటలు మాట్లాడతాడా అంటే అదీ లేదు. రెండక్షరాలు పంపేసరికి తెల్లారిపోతుంది. ఎక్కడో దూరాన ఇలాంటి మహానుభావుడే ఇంకొకడు కంప్యూటరు తెర మీద పాకే సన్నటి గీతను చూసి మురిసిపోతాడు. ఆ గీత వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, అక్షరం గల్లంతు.

అందుకని ఫ్రీక్వెన్సీ కదలకూడదు. అది కదలకూడదంటే దాన్ని పుట్టించే క్రిస్టల్ అనే గోరంత పలుకు వేడెక్కకూడదు, చల్లబడకూడదు. దానికో వెచ్చటి పెట్టె, గది గోడలకు థర్మోకోల్ అట్టలు. తలుపు తియ్యకూడదు, ఫ్యాను వెయ్యకూడదు, కిటికీ ఊసెత్తకూడదు. ఆ క్రిస్టల్‌కి జరిగిన సేవ ఆవిడకు రెండు కాన్పుల్లోనూ కలిపి జరగలేదు.

ఆవిడకు ఒక్కతే అక్క. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది, ఆదివారం పంపించేస్తామన్నారు ఆస్పత్రివాళ్ళు. మెట్లెక్కకూడదు, బాత్రూము పక్కనే ఉండాలి. అక్క కాపురముండేది లిఫ్టు లేని మూడో అంతస్తులో. ఇక దిక్కు చెల్లెలి ఇంట్లో ఆ కింది గదే.

"రెండు నెలలండీ. నడక వచ్చేదాకా," అని అడిగింది మొగుణ్ణి.

"నీకేమైనా మతి పోయిందా? మనిషంటే ఏమనుకున్నావ్? వంద వాట్ల హీటరు! మీ అక్క అందులో పడుకుంటే నా గీత మెలికలు తిరిగిపోతుంది. ఆదివారం మా రేడియో సంఘం వాళ్ళు, గీత కదలనందుకు నాకు షీల్డు ఇవ్వడానికొస్తున్నారు, తెలుసా?"

"మా అక్కని హీటరంటారా?"

"నేను సైన్సు చెప్తున్నానోయ్. కోపం తెచ్చుకోకు, ఇంకో ఇరవై వాట్లు ఎక్కువిస్తావు."

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. "సరే, మనుషులున్నా గీత కదలకపోతే?"

"కదలకపోతే మీ అక్కనేం ఖర్మ, మీ పుట్టింటివాళ్ళందర్నీ తెచ్చి పడుకోబెట్టుకో!" అన్నాడాయన మహా ధీమాగా.

ఆదివారం సంఘం వాళ్ళు దిగారు. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఎదుటివాడి నోట్లో పుచ్చు వెతకడమే వృత్తి కనక, ఎక్కడికెళ్ళినా అదే చూపు. వెనకే షీల్డు మోసుకుంటూ కార్యదర్శి. సరిగ్గా అప్పుడే ఆస్పత్రి నుంచి అక్క ఫోను చేసింది. "ఏమన్నారే మరిదిగారు? ఇక్కడ మంచం ఖాళీ చెయ్యమంటున్నారు," అంది. "ఒక్క నిమిషం ఉండక్కా, ఇప్పుడే తేలుస్తా," అని ఫోను చేత్తో పట్టుకునే ఆవిడ గదిలోకి నడిచింది.

లోపల ముగ్గురు పెద్దమనుషులు, ఇన్‌స్పెక్టరు తన అలను తనే కొలుచుకునే తెర ముందు ముక్కున వేలేసుకుని ఉన్నారు. గీత రూళ్ళకర్ర పెట్టి గీసినట్టుంది. ఆవిడ తలుపు బార్లా తెరిచింది. ఫ్యాను ఫుల్లుగా పెట్టింది. కిటికీ రెక్కలు రెండూ తోసేసింది.

"ఏయ్! ఏయ్! ఏం చేస్తున్నావ్?" ఇన్‌స్పెక్టరు కెవ్వుమన్నాడు.

అందరూ ఊపిరి బిగబట్టి తెర వంక చూశారు. ఎంతసేపు చూసినా గీతలో ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇన్‌స్పెక్టరు ముఖం వెలిగిపోయింది. భార్య మీద కోపం సంగతే మరిచిపోయి మీసం దువ్వాడు. "చూశారా! తుఫానొచ్చినా కదలదు! అదీ నా పనితనం!"

"అయితే మా అక్కని రమ్మననా?" అంది ఆవిడ.

ఆయన మీసం మీంచి చెయ్యి టక్కున దించాడు. "అబ్బే, అలా కాదు. కదుల్తుంది. పైకి కనిపించదు గానీ కదుల్తుంది. మీ అక్కలాంటి మనిషి రాత్రింబవళ్ళూ ఇక్కడే ఉంటే కదలకేం చేస్తుంది?" అన్నాడు.

"కదుల్తుందా?" డాక్టరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "కదలదనేగా షీల్డు? అసలు ఇంత గాలికి ఎంతో కొంత కదలాలి కదండీ, ఎందుకు కదలట్లేదు?" అంటూ బల్ల కిందికి దూరాడు. తీగ వెంబడే వేలితో పోయి పోయి, వెచ్చటి పెట్టె దగ్గర ఆగి పకపకా నవ్వాడు. "పంపే మిషనుకీ ఈ క్రిస్టలే, కొలిచే మిషనుకీ ఈ క్రిస్టలేనా! ఇది అటు జరిగితే రెండూ కలిసి అటే జరుగుతాయి. ఇంక తేడా ఎక్కణ్ణుంచి వస్తుందండీ? తన తూకపు రాయిని తన రాయితోనే తూచుకుని సరిగ్గా ఉందన్న కొట్టువాణ్ణి మీరు వదిలేవారా ఇన్‌స్పెక్టరుగారూ?"

కార్యదర్శి షీల్డును మెల్లిగా సంచిలోకి జార్చాడు. ఇన్‌స్పెక్టరు ముఖం మాడిపోయింది. అయినా మనిషి లొంగితేనా! "అయితే ఇప్పుడే అసలు జాగ్రత్త పడాలి. వేరే క్రిస్టల్ తెచ్చి, గది ఇంకో ఆర్నెల్లు మూసి..."

"గీత కదలకపోతే గది ఇస్తానన్నారు. కదల్లేదు. నలుగురూ చూశారు," అని ఆవిడ గబగబా ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "అక్కా, గది మనదే! గెలిచానే!"

అటు నుంచి అక్క, "అంతా వినపడిందే తల్లీ. నేను రానులే. నీ ఇంట్లో నీకో గది కావాలంటే పదిమందిలో పోట్లాడి గెలవాలా? ఇన్నేళ్ళూ అది నీ ఇల్లే అనుకుని నిశ్చింతగా ఉన్నానే నేను," అంది.

ఆవిడకు ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వెనకాల, ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నందుకు తన మీద తనకే పట్టరాని కోపమొచ్చింది.

"రాకపోతే నా మీద ఒట్టే అక్కా. సామాను సర్దించుకో, బండి తీసుకుని నేనే వస్తున్నా," అని ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, మగవాళ్ళ వైపు తిరిగింది. "డాక్టరుగారూ, ఆ మిషను మీరు పట్టండి. కార్యదర్శిగారూ, బల్ల అటువైపు ఎత్తండి. ఇక్కడ మంచం పడాలి."

వాళ్ళిద్దరూ చొక్కా చేతులు పైకి మడిచి మిషనూ బల్లా మోశారు. ఇన్‌స్పెక్టరు మాత్రం క్రిస్టల్ పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని, గది మధ్యలో నిలబడి బిక్కమొహం వేశాడు.

"మరి దీన్నెక్కడ పెట్టమంటావే?"

"నన్నెక్కడ పెట్టారో అక్కడే పెట్టండి."

ఆయన పెట్టె పట్టుకుని వంటింటివైపు నడిచాడు.