ఇరవై నాలుగో ఊరు

వెదురుగరువు మండలాన్ని గోడ మీద వేయడం అంత తేలికైన పని కాదని డ్రాయింగు మాస్టారు పల్లంరాజు గారికి మొదటి రోజే తెలిసిపోయింది. మండలం చిన్నదే. ఉత్తరాన కాలవ, దక్షిణాన గోదావరి పాయ, తూర్పున సముద్రం. పడమటి సరిహద్దు మాత్రం ఎక్కడో ఆ దేవుడికే తెలియాలి, అక్కడ మన వరిచేలు పక్క మండలం వరిచేలల్లో కలిసిపోతాయి. పొద్దున్నే సైకిలెక్కితే భోజనాల వేళకి ఈ చివర నుంచి ఆ చివరకి చేరిపోవచ్చు. ఇక్కడి జనం అభిమానానికి మాత్రం ఈ మండలం చాలదు, జిల్లా కావాలి.

తొంభై ఎనిమిది వేసవిలో కలెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన కారు దిగగానే కనబడేలా ఆఫీసు ప్రహరీ గోడ మీద రంగుల్లో మండలం పటం ఉండాలని ఎమ్మార్వో గారికి ముచ్చట పుట్టింది. హైస్కూలుకి సెలవులు, డ్రాయింగు మాస్టారు ఖాళీ. సున్నం కొట్టిన గోడ, రంగు డబ్బాలు, ఒక నిచ్చెన, ఆ నిచ్చెన పట్టుకోవడానికి ఆఫీసు వాచ్‌మన్ బుల్లబ్బాయి. అన్నీ అమర్చి పది రోజులు గడువిచ్చారు.

గోడ మీద గోదావరికి నీలం రంగు పడిన రోజు నుంచీ జనం రావడం మొదలుపెట్టారు. చినగరువు సర్పంచి పెద్దిరాజు గారు స్కూటరు దిగకుండానే పటమంతా తేరిపార చూశారు.

"మా ఊరి మీద రెండు కొబ్బరి చెట్లేశారు, పెదగరువు మీద మూడేశారు. మేం అంత తీసిపోయామాండి మాస్టారు?" అన్నారు.

తొంభై ఆరు తుఫానుకి పడిపోయినవి పోగా ఎవరి ఊళ్లో ఎన్ని చెట్లు మిగిలాయో లెక్క తీస్తే రెండూళ్లూ కొట్టుకుంటాయని తెలుసు కాబట్టి, మాస్టారు మాట్లాడకుండా మూడో చెట్టు వేసేశారు. మర్నాడు పెదగరువు వాళ్లొచ్చి నాలుగో చెట్టు వేయించుకున్నారు. కాలవ గట్టు మీది ముసలాయన ఒకాయన వచ్చి, ఆనకట్ట రాకముందు ఇక్కడ వరి అన్నమే పండగ నాటి మాటని, సముద్రం ఒడ్డున ఉప్పు నిలవుంచే కొటారు తమ ముత్తాత కట్టించిందని, అది లేకపోతే ఈ మండలానికి చరిత్రే లేదని గంటసేపు చెప్పి కూర్చున్నాడు. కొటారూ వేశారు. అడిగినవన్నీ వేస్తూనే ఉన్నారు గానీ, ఎవరూ అడగని ఊరొకటి ఆయన గుండెల మీద కూర్చుని ఉంది.

ఆ ఊరు రెల్లుదిబ్బ. పాయ మధ్యలో ఉన్న లంక. నలభై గడప ఉంటుంది, అందరూ చేపలు పట్టుకుని బతికేవాళ్లే. ఎమ్మార్వో గారిచ్చిన కాగితం పటంలో అది లేదు. అది ఏనాటిదో పాత పటం, అప్పటికి ఇప్పుడున్న లంకే పుట్టలేదు. ఎనభై ఆరు వరదలో గోదావరి పాత లంకని తినేసి, కింద కాస్త దూరంలో ఇసక మేట వేసింది. జనం అక్కడికి మారారు, పేరూ వాళ్లతోపాటే మారింది.

ఆ ఊరితో మాస్టారికున్న సంగతి మూడేళ్ల కిందటిది. ఆఫీసు వరండాలో వేలాడదీయడానికి ఆయన చేత ఒక రేకు బోర్డు రాయించారు. తుఫాను హెచ్చరిక రాగానే జీపు ఏయే ఊళ్లకి, లంకలైతే వాటి ఎదుటి గట్టుకి, వెళ్లి మైకులో చెప్పాలో ఆ జాబితా. గుమాస్తా ఇరవై మూడు ఊళ్లు సిరాతో రాసి, కాగితం అడుగున పెన్సిలుతో 'రెల్లుదిబ్బ' అని చేర్చి ఇచ్చాడు. మాస్టారు ఆ కాగితాన్ని అడుగుదాకా చూడలేదు. ముందు అంచు వేసి, ఆ తర్వాత అక్షరాలు రాయడం ఆయన పద్ధతి. ఎర్రటి అంచు, నాలుగు మూలలా తీగలు, వాటికి పువ్వులు. ఇరవై మూడు వరుసలకి సరిగ్గా గీతలు కొట్టి, ఇరవై మూడో పేరు రాశాక చూస్తే ఇంకొకటి మిగిలింది. అది పట్టాలంటే కింది అంచు చెరపాలి, పువ్వులు పోతాయి. తర్వాత చూద్దాంలే అనుకున్నారు. ఆ తర్వాత గుమాస్తాకి బదిలీ అయింది, మాస్టారికి పరీక్షల పని వచ్చింది, బోర్డు గోడకెక్కింది.

తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చింది. ఆ మధ్యాహ్నం బుల్లబ్బాయి బోర్డు ముందు నిలబడి, ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి చదివి, కాగితం మీద ఎక్కించుకుని జీపెక్కాడు. ఇరవై మూడు ఊళ్లూ తిరిగాడు. రెల్లుదిబ్బకి ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఎప్పటిలాగే వలలకి వెళ్లినవాళ్లూ, గుడిసెల్లో ఉండిపోయినవాళ్లూ కలిసి పదకొండు మంది పోయారు. అదే గాలికి వరండా పెంకులతోపాటు బోర్డూ ఎగిరిపోయింది. ఎక్కడ పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

విచారణ జరిగింది. బోర్డు మీద ఆ పేరు లేదని బుల్లబ్బాయి మొత్తుకున్నాడు. బోర్డేదీ అన్నారు. అప్పటికి ఉన్న ఎమ్మార్వో, ఐదో క్లాసు చదివినవాడు ఒక వరుస దాటేసి ఉంటాడని రాసేసి, అతన్ని నాలుగు నెలలు ఉద్యోగంలోంచి తీసి మళ్లీ చేర్చుకున్నారు. పల్లంరాజు గారిని ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని ఆయన చెప్పలేదు. మంచివాడే ఆయన, పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు. అలాంటివాడు కూడా ఏడాదిన్నర పాటు నోరు మూసుకుని కూర్చున్నాడంటే భయం మనిషిని ఎంత చవట చేస్తుందో చూడండి.

ఆ బుల్లబ్బాయే ఇప్పుడు రోజూ ఆయన నిచ్చెన పట్టుకుంటున్నాడు. ఒకప్పుడు బజారులో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేవాడు. ఇప్పుడు బస్సు బోర్డు కూడా పక్కవాణ్ణి అడిగి ఎక్కుతున్నాడు.

"మాస్టారండి," అన్నాడు నాలుగో రోజున, కింద నుంచి. "ఆ రోజు నా వేలే జారిందేమోనండి. బోర్డు మీద లేదని అందరితోటీ అన్నాను గానీ, ఇప్పుడు నాకే నమ్మకం చిక్కట్లేదు. ఇంట్లోది కూడా పోనీలే, కావాలని చేశావా అంటుంది. అంటే అదీ నేనే చేశాననుకుంటున్నట్టే కదండి."

"ఆ పచ్చ రంగు డబ్బా ఇలా అందుకో," అన్నారు మాస్టారు. ఆ మాట అన్నందుకు రాత్రి అన్నం సయించలేదు.

ఐదో రోజు పొద్దున్న లోవమ్మ వచ్చింది. రెల్లుదిబ్బ మనిషి. ఆవిడ భర్త అమ్మిరాజు పోయిన పదకొండు మందిలో ఒకడు. బజారులో చేపలమ్మి, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని గోడ ముందు నిలబడింది. నిచ్చెన పట్టుకున్న బుల్లబ్బాయి వంక చూడనైనా చూడలేదు. లంక వాళ్లందరూ అంతే. తప్పు చేసిన మనిషిని వాళ్లు తిట్టరు, కొట్టరు, పడవ మాత్రం ఎక్కనివ్వరు. ఏడాదిన్నరగా బుల్లబ్బాయి ఆ పాయ దాటలేదు. ఆఫీసు పనుంటే ఇంకొకర్ని పంపాల్సిందే.

"మా ఊరెక్కడండి మాస్టారు?" అంది లోవమ్మ.

"వేస్తానమ్మా," అన్నారాయన, ముఖం గోడ వైపే ఉంచి.

ఆ మాట అనేశారు గానీ ఎమ్మార్వో గారు ఒప్పుకోలేదు. ఈయన కొత్తాయన, చెడ్డవాడు కాదు, కాగితానికి కట్టుబడిన మనిషి. "కాగితంలో లేని ఊరు గోడ మీద ఎలా ఉంటుందండి? రికార్డు ప్రకారం అది ఏటి పోరంబోకు. ఇవాళ ఇక్కడుంటారు, రేపు వరదొస్తే ఇంకోచోట ఉంటారు. కలెక్టరు గారు చూసి, ఈ ఊరికి స్కూలేది, రేవేది అంటే నేనేం చెప్పను? మీకంతగా వేయాలనుంటే అక్కడికెళ్లి చూసి, ఉందని రాసివ్వండి, ఆలోచిద్దాం," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు ఏటిగట్టుకి బయలుదేరారు. సైకిలు వెనక బుల్లబ్బాయి. రేవులో లోవమ్మ పడవ ఉంది. మాస్టారు ఎక్కి కూర్చున్నారు. బుల్లబ్బాయి అడగలేదు, ఆవిడ పిలవలేదు. "నేనిక్కడే సైకిలు చూస్తుంటానండి," అని గట్టు మీద కూర్చుండిపోయాడు.

లోవమ్మ గెడ వేస్తూ పాయ మధ్యలోకి వచ్చాక, ఎగువన ఖాళీ నీళ్లు చూపించింది. "మా అమ్మమ్మ పుట్టింది అక్కడండి. అప్పట్లో ఊరు అక్కడుండేది. నా పెళ్లయ్యింది అదిగో, ఆ కొంగ వాలిందే, దానికి ఇవతల. నీళ్లొచ్చినప్పుడల్లా ఇంటికప్పులు భుజాన పెట్టుకుని పోయేవోళ్లం. ఊరు మారినా ఊరు ఊరేనండి. పురిటికి, చావుకి, పెళ్లికి అందరం ఒక్కచోటే కదండి ఉంటున్నాం."

లంకంతా తిప్పి చూపించింది. కొత్త తాటాకు కప్పులు, ఆరేసిన వలలు, ఇసకలో నాటిన పుచ్చపాదులు. మాస్టారు అడుగులతో కొలుచుకుని, చిన్న పుస్తకంలో గీసుకున్నారు. వెళ్లిన ప్రతి గుమ్మం దగ్గరా పీట వేశారు, చల్ల ఇచ్చారు. గోడ మీద తమ ఊరు కూడా పడుతుందని తెలిసి ఒక ముసలావిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతుల్ని లాక్కోలేక, ఉంచలేక, ఆయన పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు.

తిరుగు ప్రయాణంలో లోవమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. "ఆ రోజు మా ఆయన మూడింటికి వలకి వెళ్లాడండి. నేను వద్దనలేదు. ఎందుకంటాను, ఆకాశం కాస్త మబ్బుగా ఉంది అంతే. అవతల పెదగరువోళ్లు మేకల్ని తోలుకుని స్కూల్లో తలదాచుకోడానికి పోతున్నారని తర్వాత తెలిసింది. వాళ్లకి చెప్పారు, మాకు చెప్పలేదు. ఆ బుల్లబ్బాయి ఒక్క పేరు చదివుంటే నేను ఆయన్ని రెక్క పట్టుకుని ఆపేదాన్ని."

పల్లంరాజు గారు పడవ అంచు గట్టిగా పట్టుకున్నారు. అవతలి గట్టు మీద బుల్లబ్బాయి, సైకిలు రెండూ కనబడుతున్నాయి.

"బుల్లబ్బాయి చదవలేదని కాదు లోవమ్మా," అన్నారు. "బోర్డు మీద ఆ పేరు లేదు. ఆ బోర్డు రాసింది నేను. కాగితంలో మీ ఊరుంది. నేనే రాయలేదు."

లోవమ్మ చేతిలో గెడ ఆగిపోయింది. పడవ నెమ్మదిగా వాలుకి తిరగసాగింది.

"ఎందుకు రాయలేదండి?" అంది.

"జాగా చాల్లేదు."

"ఎంత జాగా కావాలండి?"

మాస్టారు కుడిచెయ్యి ఎత్తి, నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి చూపించారు. ఇంత, అని. అంచు కింద పువ్వులున్నాయని కూడా చెప్పారు. చెప్పకుండా దాచడానికి ఇంక ఏమీ మిగలకూడదనిపించింది. ఆవిడ ఆ నాలుగు వేళ్లనీ చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నారు, తిడుతుందనుకున్నారు, గెడతో నీళ్లలోకి తోసేస్తుందని కూడా అనుకున్నారు. తోసేసినా బాగుండునని ఆయన ప్రాణానికి అనిపించింది.

"నాకెందుకండి చెబుతారు," అంది చివరికి. "నా మొగుడు ఎలాగూ రాడు. చెప్పాల్సినోడు అదిగో, గట్టు మీద కూర్చున్నాడు. ఏడాదిన్నరగా మేం వాడి మొహం చూళ్లేదు. నా కూతురు పెళ్లిలో వాడి పెళ్లాం పసుపూకుంకం పట్టుకుని రేవు దాకా వస్తే, పడవ తియ్యకుండా నుంచున్నాను నేను."

మళ్లీ గెడ వేసింది. పడవ రేవుకి తగిలాక దిగలేదు, మాస్టార్నీ దిగనివ్వలేదు. గెడని అడ్డంగా పట్టుకుని, "ఇక్కణ్ణుంచే చెప్పండి, నేనూ వింటాను," అంది.

బుల్లబ్బాయి లేచి నిలబడ్డాడు. పల్లంరాజు గారు పడవలో నిలబడే చెప్పారు. గుమాస్తా కాగితం, పెన్సిలు రాత, ఎర్ర అంచు, పువ్వులు. విచారణ నాడు తను ఆఫీసు పక్కనే, స్కూల్లోనే ఉన్నానని, రావడానికి ధైర్యం చాల్లేదని. రేపు ఇదంతా కాగితం మీద రాసి ఎమ్మార్వో గారికి ఇస్తానని, ఆయన ఏం చేసినా సరేనని. గోడ మీద రెల్లుదిబ్బ వేస్తానని, కొత్త బోర్డు తన ఖర్చుతో రాసి మొదటి వరుసలో ఆ పేరే పెడతానని.

బుల్లబ్బాయి కోప్పడలేదు. ఆ మాటల్లో సగం అతనికి వినబడినట్టే లేదు. కుడిచేతి చూపుడు వేలు ఎత్తి, ఎదురుగా బోర్డు ఉన్నట్టు గాలిలో పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసే దించుకుంటూ వచ్చాడు. పెదాలు కదులుతున్నాయి. ఇరవై మూడు దగ్గర వేలు ఆగింది.

లోవమ్మ గెడ పక్కన పెట్టి, పడవలో చోటు చేసి జరిగింది. "ఎక్కు బుల్లబ్బాయ్," అంది.

అతను ఎక్కలేదు. అక్కడే ఇసకలో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తూ మాస్టారి వైపు చూశాడు.

"అయితే నేను సరిగ్గానే చదివానన్నమాటండి," అన్నాడు.