ఉయ్యాల దిగని పిల్ల

బసవరాజ్ మేడ మీద గదిలో ఎవరో పిల్లని ఉయ్యాలెక్కించి దించకుండా ఉంచాడని వెనకింటి కృష్ణవేణమ్మ పాలామెతో అన్నదట. పాలామె ఆ మాటను బసవరాజ్ భార్య సుజనకు మోసుకొచ్చింది.

"కిటికీలో కాళ్ళు కనపడతాండాయంట. పొద్దునా అవే, మాపునా అవే. పాపకు అన్నమన్నా పెడతాండారా అని అడిగిందమ్మా."

సుజన పగలబడి నవ్వింది. "అది బొమ్మ తల్లీ. మా ఆయన గీసిన బొమ్మ!"

బసవరాజ్ కర్నూలులో డ్రాయింగు మాస్టరు. కల్లూరులో ఇల్లు కట్టుకున్నాక మేడ మీది గది రంగుల పాలయింది. చదువుకునే రోజుల్లో లైబ్రరీ పుస్తకంలో చూసిన బొమ్మలు అతన్ని వదల్లేదు. వందేళ్ళ కిందట పరదేశపు చిత్రకారులు గీసిన సర్కసువాళ్ళు. ఆడుతూ కాదు, ఆట ముగిశాక, ఎండిన నేల మీద ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడ్డ నీలి మనుషులు. ఆ నేల అతనికి పత్తికొండ దారిలోని బీడులా కనిపించింది. అప్పటినుంచీ అతనూ సర్కసువాళ్ళనే గీస్తున్నాడు. ఒళ్ళు త్రికోణాలుగా విరుస్తాడు, ముఖాలకు సున్నపు తెలుపు పూస్తాడు. కండ్లు మాత్రం పెట్టడు. పెడితే క్యాలెండరు బొమ్మ అవుతుందంటాడు.

ఈసారి బొమ్మ గీయడానికి అతను ఎదురుగా కూర్చోబెట్టుకున్నది ఉరుకుందమ్మను. తోలుబొమ్మలాడించే ఇంట పుట్టి, ఆట చూసేవాళ్ళు కరువై సర్కసులో చేరిన మనిషి. ఇప్పుడు ఆటోస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ అమ్ముతుంది. కూర్చున్నంతసేపూ కూతురు అంజలి ముచ్చటే. రాయచోటిలో ఆట నడుస్తుండగా అంజలి ఉయ్యాల మీదనుంచి జారింది. అప్పుడు తల్లి జ్వరంతో కర్నూలు ఆసుపత్రిలో ఉంది. కోలుకుని అక్కడికి చేరేసరికి డేరా పీకేశారు, పిల్లని మట్టి చేసేశారు. ఎక్కడ పూడ్చారని అడిగితే తలా ఒక చోటు చూపించారు.

"అది కింద పడింది నేను సూడలేదప్పా. నా కంటికి ఇంకా పైనే ఉండాది" అనేది.

బసవరాజ్ ఉరుకుందమ్మను గీయడం మాని ఉయ్యాల మీది ఆ పిల్లని గీశాడు. ఆకుపచ్చ లంగా, నీలి కాళ్ళు, కింద ఎర్రనేల. ఉరుకుందమ్మ బొమ్మ ముందు నిలబడి, "ఈడుండావా?" అంది మెల్లగా. తర్వాత అతని వైపు తిరిగింది. "ఏమప్పా, కండ్లేవి? నేల యాడుండాదో కనపడకపోతే అదెట్ల దిగుతాది? మా ఇండ్లల్లో ఆఖరున కన్ను తెరిస్తేనే బొమ్మ. దాన్ని దింపప్పా. నీ పుణ్యముంటాది."

"ఈ బొమ్మలు అట్లాంటివి కాదు పెద్దమ్మా" అన్నాడు బసవరాజ్.

ఆ వారంలోనే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగిన వేళ, గదిలో ఉయ్యాల తాడు కిర్రుమంది. ఆగి, మళ్ళీ కిర్రుమంది. నవ్విన సుజనే మేడ మీద బట్టలారేయడం మానేసింది. బొమ్మకు వీపు పెట్టి బ్రష్షులు కడుగుతుంటే బసవరాజ్ మెడ వెనక గాలి వచ్చి పోయేది, ఎవరో ఊగి వెనక్కి వెళ్ళినట్టు. కిటికీ మూసేశాడు. మర్నాడు కృష్ణవేణమ్మ గోడవతలనుంచి, "పాప నిద్రపోతాందా సారూ?" అని అడిగింది.

ఆ సాయంత్రమే అతను సన్న బ్రష్షు తీసి ఆ తెల్లటి ముఖానికి కిందికి చూసే రెండు కండ్లు పెట్టాడు. తాడు చప్పుడు ఆగిపోయింది. బసవరాజ్ మాత్రం బొమ్మ ముందునుంచి కదల్లేకపోయాడు. జన్మలో అలాంటిది గీయలేదు. ఎగ్జిబిషనుకు పంపుతానని వెంటనే హైదరాబాదుకు ఫోను చేశాడు.

బండి తెచ్చిన ఇలియాస్ బొమ్మకు దుప్పటి చుడుతుండగా, కండ్లు పెట్టిన సంగతి విని ఉరుకుందమ్మ వచ్చింది. తలస్నానం చేసి, పసుపు, గాజులు, రవికగుడ్డ పళ్ళెంలో పెట్టుకొచ్చింది. దుప్పటి తీయించి కూతురి కండ్లలోకి చాలాసేపు చూసింది.

"వచ్చినావా తల్లీ" అని పసుపు పెట్టింది. "పోదాం పదప్పా, తుంగభద్రకు."

"ఏటికా? ఎందుకు?" అన్నాడు బసవరాజ్.

"ఆట అయిపోయిన బొమ్మను మేము అటక మీద పడెయ్యం. ఏటికిచ్చి సాగనంపుతాం. బొమ్మకు కన్ను తెరిచినోడే ఇయ్యల్ల."

ఇలియాస్ నవ్వబోయాడు. "ఏందమ్మా, హైదరాబాదుకని బాడిగ మాట్లాడి ఏటికి తోలమంటావు?" సుజన ముఖం చూసి దుప్పటి మడత పెట్టుకోసాగాడు.

బసవరాజ్ బొమ్మకు అడ్డంగా నిలబడ్డాడు. "వద్దు పెద్దమ్మా. కావాలంటే నీకు వేరే బొమ్మ గీసిస్తా, దాన్ని ఏట్లో వదులు. దీన్ని మాత్రం అడగొద్దు. ఇట్లాంటిది ఇంకొకటి నాచేత కాదు."

"ఇంకో అంజలి నాచేత అయితాదా?" అంది ఉరుకుందమ్మ.