మైనాలా చోటు

మొదటి దెబ్బకి రాయి పగల్లేదు. జెలిపా దాన్ని టైరు ముక్కతో చేసిన చుట్టలో కాస్త పక్కకి తిప్పి, సన్నటి గీత కనబడ్డ చోట మళ్ళీ సుత్తి వేసింది. ఈసారి మూడు ముక్కలయింది. ముక్కల్ని ఎడమచేత్తో కంకర కుప్ప మీదికి తోసి ఇంకో రాయి అందుకుంది. ఆ చేతి బొటనవేలి గోరు ఎప్పుడో ఊడిపోయింది. దాని చోట మొలిచింది గోరులా ఉండదు, తాబేలు చిప్పలా నల్లగా మందంగా ఉంటుంది. కనుబొమల మీదా, పెదవుల మీదా, తలకి చుట్టుకున్న గుడ్డ మడతల్లోనూ తెల్లటి రాతిపొడి. ఆ దేశంలో జూన్ అంటే చలికాలం; చలిగాలి లుసాకా నగరం తూర్పు చివర గుట్టల మీంచి వీచి ఆ పొడిని లేపుతోంది.

ఆమె కూర్చున్న చోటు ఆమెది కాదు, మైనాలాది. ఎవరో ఇల్లు కట్టబోయి మధ్యలో వదిలేసిన ఇటుక గోడ అది. దానికి వీపు ఆనించి కూర్చుంటే గాలి తగలదు. మబ్బు లేనప్పుడు పొద్దుటి ఎండ సరిగ్గా ఒళ్ళో పడుతుంది. రోడ్డు పక్కన కంకర కొట్టే ఆడవాళ్ళెవరికీ అంత మంచి చోటు లేదు. మైనాలా దగ్గు ముదిరి పడకలో ఉంది. నిన్న చూడ్డానికి వెళితే తనే అంది, "నా చోట్లో కూర్చో అక్కా. ఈ చలికి నీ మోకాళ్ళు ఆగవు."

ఆ మాట జెలిపాకి ఇంకా మింగుడు పడలేదు. అడక్కుండానే ఇచ్చెయ్యడం మైనాలాకి అలవాటు, తన దగ్గర ఇవ్వడానికి బోలెడంత ఉన్నట్టు.

ఇద్దరూ పెటౌకే వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. కానీ మైనాలా మొగుడు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు. జెలిపా మొగుడు లాజరో ఇంకో ఆడదాని ఇంట్లో పోయాడు, ఆ కబురు పూడ్చిపెట్టాక గాని ఈమెకి అందలేదు. మైనాలాకి తండీవె అనే కూతురు దక్కింది. జెలిపా పిల్లలిద్దరూ నడక వచ్చిన ఏడాదికే పోయారు. వెధవరాలితనంలో కూడా మైనాలాదే పైచేయి అనుకునేది జెలిపా. ఆ మాట పైకి అనలేదు గాని, అది ఆమె మొహంలో స్థిరపడిపోయింది. నవ్వినా పెదవి ఒక పక్కకే కదిలేది.

మైనాలాకి లేనిది ఒక్కటే తన దగ్గరుంది, గొంతు. ఊళ్ళో ఉండగా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె రావడం ఆలస్యమైతే పాస్టరు ప్రార్థన ఇంకాస్త సాగదీసి ఎదురు చూసేవాడు. మైనాలా పాడితే పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వాపుకునేవాళ్ళు. చాలా ఏళ్ళు జెలిపా ఆ తేడా మీదే బతికింది. తరవాత మేడమ్ ఇమో వచ్చింది.

ఎనిమిదేళ్ళయింది. సముద్రాల అవతలి గాయని. ఆమె పాటలు మినీబస్సుల్లో కూడా మోగేవి. ప్రపంచంలో పేదరికం పోవాలని దేశదేశాలూ తిరుగుతోందన్నారు. ఆమె మనుషులు ముందురోజే వచ్చి రాళ్ళ మధ్య తిరిగి, బెదురు లేకుండా మాట్లాడుతోందని జెలిపాని ఎంచారు. రేపు మేడమ్ నీ పక్కన కూర్చుంటుంది, ఎప్పట్లాగే రా అన్నారు. ఎప్పట్లాగే ఎలా వస్తుంది? నడుముకి చుట్టుకునే చితెంగె గుడ్డలు రెండుంటే, వాటిలో మంచిదాన్ని ఉతికి కట్టుకుంది. మొహానికి నూనె రాసుకుంది. వాళ్ళమ్మ జొన్నలు దంచుతూ పాడే పాటొకటి మననం చేసుకుంది. తను ఏమీ అడగదు. ఒక పాటగత్తె ఇంకో పాటగత్తెకి వినిపించినట్టు వినిపిస్తుంది, అంతే.

తెల్లారాక మేడమ్ ఇమో వచ్చింది. జెలిపా ముందు ఒక్క క్షణం ఆగింది, చూసింది, పక్కకి నడిచి మైనాలా పక్కన దుమ్ములో చతికిలబడింది. ఎవరొస్తున్నారో కూడా తెలియని మైనాలా, మోకాలి దగ్గర చిరిగిన గుడ్డతో, పారిపోదామా అన్నట్టు చూసింది. గాయని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. కెమెరాలన్నీ అటు తిరిగాయి. మూడు బారల దూరంలో కూర్చుని జెలిపా తన పాటని కూనిరాగంగా తీసింది, మళ్ళీ మళ్ళీ, కొంచెం కొంచెం పెంచుతూ. కెమెరామన్ ఒకతను ఇటు తిరిగి పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు.

తరవాత మైనాలా మొహం దేశాలన్నీ తిరిగింది. పరాయి ఊళ్ళలో గోడల మీద మేడంత పెద్దదిగా అతికించారని చెప్పుకున్నారు. ఎవరో ఫోనులో తెచ్చి చూపించారు కూడా. పేదరికం మొహం ఇదీ అని కింద రాసి ఉందన్నారు. జెలిపా ఆ బొమ్మని చాలాసేపు చూసింది. పేదరికానికి మొహం కావాల్సివస్తే నా మొహానికేం లోటు అనుకుంది. ఆ అనుకోవడంలో వెర్రితనం ఉందని ఆమెకీ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారలేదు.

పదిగంటల వేళ, కుర్రకోడలు వయసున్న ఫోస్టీనా టీ తెచ్చి గోడ దగ్గర కూర్చుంది. పాత సంగతి కదిలించడం ఆమెకి సరదా. జెలిపాని మైనాలా చోట్లో చూసి, ఇక మేడమ్ గారు రావడమే తరువాయి అంది.

"వస్తుంది. కెమెరాలు ముందు పంపించి వెనక తను వస్తుంది," అంది జెలిపా.

"అంత డబ్బున్న మనిషి మన దుమ్ములోకి వచ్చి ఏడవాల్సిన పనేంటి పెద్దమ్మా, లోపల బాధ లేకపోతే?"

"మన పని రాళ్ళు కొట్టడం. ఆవిడ పని ఏడవడం. రోజూ చేసే పని ఎవరికైనా నున్నగానే వస్తుంది."

ఫోస్టీనా నవ్వింది. ఈ జవాబు ఆమె ఇంతకు ముందూ విన్నదే. ఆ గాయని కట్టించిన కుళాయి రెండేళ్ళు నీళ్ళిచ్చి ఎండిపోయిందని, తన ఇంట్లో ఎన్ని గదులున్నాయో ఆవిడకే తెలియదని, ఏడిచాక కారెక్కి అద్దంలో మొహం సరిచేసుకోవడం తన కళ్ళతో చూశానని జెలిపా ఎనిమిదేళ్ళుగా చెబుతూనే ఉంది. వినేవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు. ఒప్పుకోనిది మైనాలా ఒక్కతే. ఆమె వాదించేది కాదు. ఏడుపు నిజమా నటనా అని ఎవరు నిలదీసినా ఒకటే మాట చెప్పేది: "ఆవిడ చేతులు మంచులా ఉన్నాయి. మనల్ని చూసి భయపడింది, పాపం." పాపం అట. ఆ ఒక్క మాటకి జెలిపాకి సుత్తి పిడి మీద పట్టు బిగిసేది.

మధ్యాహ్నం మబ్బు కమ్మింది. జెలిపా ఉడికించిన చిలగడదుంప తిని నీళ్ళు తాగింది. ఫోస్టీనా ఖాళీ కప్పులు పట్టుకుని రోడ్డు దాటుతుంటే పాత తెల్లకారొకటి ఆమె పక్కన ఆగింది. కిటికీలోంచి ఎవరో ఏదో అడిగారు. ఫోస్టీనా నడక ఆపకుండానే గోడ వైపు చెయ్యి చూపించి వెళ్ళిపోయింది. మైనాలా ఎక్కడ కూర్చుంటుందంటే ఎవరైనా అటే చూపిస్తారు.

దిగినవాళ్ళు ఇద్దరు. దుబాసీ పనికి వచ్చిన ఒక లుసాకా అమ్మాయి, జుట్టు కురచగా కత్తిరించుకున్న ఒక తెల్లావిడ. జుట్టు తెల్లబడింది, మెడ దగ్గర చర్మం వదులయింది. అయినా నడక చూసి జెలిపా గుర్తుపట్టింది. వెనక ఇంకో కారు కోసం చూసింది. లేదు. కెమెరా లేదు, గొడుగు పట్టే మనిషి లేడు.

ఆమె తిన్నగా వచ్చి, కింద ఏమీ వేసుకోకుండా కంకర మీదే కూర్చుంది. "మైనాలా," అని జెలిపాని రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది.

జెలిపా చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. నేను కాదు అనడానికి నోరు తెరిచింది. సబ్బు వాసన, వెచ్చటి మెడ, వీపు మీద అరచెయ్యి. లాజరో వెళ్ళిపోయాక తనని ఇలా పట్టుకున్న మనిషి లేరు. ఒక్క క్షణం ఉంచుకుని తరవాత చెబుదాం అనుకుంది. ఆ క్షణం దాటాక చెప్పడం కష్టమైంది.

దుబాసీ అమ్మాయి న్యాంజా భాషలో అడుగుతూ పోయింది. తండీవె ఎలా ఉంది? మీ ఆయన పాతిన మామిడి మొక్క కాస్తోందా? జెలిపా అన్నిటికీ జవాబు చెప్పింది. ఎక్కడా తడబడలేదు. మైనాలా బతుకు ఆమెకి తన బతుకు కన్నా బాగా తెలుసు. అసూయ అంతా కంఠతా పట్టించింది. గాయని ఒక్క సంగతీ మరిచిపోలేదు, మొహం తప్ప.

"అప్పుడు మీకు దగ్గు ఎక్కువగా ఉండేదట. తగ్గిందా అని అడుగుతున్నారు."

గోడ వెనకే సందు. సందులో నాలుగిళ్ళు దాటితే మైనాలా పడుకుని ఉంది. మనిషిని ఆస్పత్రికి చేర్చగల కారు ఎదురుగా ఉంది. జెలిపాకి ఇవన్నీ ఒకేసారి తోచాయి.

"తగ్గిపోయింది," అంది.

గాయని ఒక రాతిముక్కని అందుకుని వేళ్ళ మధ్య తిప్పింది. తరవాత నేలకేసి చూస్తూ మెల్లగా మాట్లాడింది. దుబాసీ అమ్మాయి కూడా గొంతు తగ్గించింది.

"వాళ్ళ దేశంలో మేడమ్‌ని చాలామంది తప్పుపడుతున్నారట. బీదవాళ్ళ కష్టాన్ని నగలా పెట్టుకుని తిరిగిందని రాశారట. రాసి రాసి, ఇప్పుడు తనకే అనుమానం వచ్చిందట. ఆ రోజు నేను నిజంగానే ఏడిచానా, మీకేం అనిపించింది అని అడుగుతున్నారు. ఇది అడగడానికే వచ్చారు."

ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్నకి జవాబు జెలిపా నాలుక చివర ఉంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. అసలు మనిషే వచ్చి అడుగుతోంది. కానీ అడుగుతున్నది మైనాలాని. ఆ చోట్లో కూర్చుని, ఆ పేరు పెట్టుకుని, ఆ జవాబు చెప్పడం కుదరలేదు.

"మీ చేతులు మంచులా ఉన్నాయి," అంది జెలిపా. "మమ్మల్ని చూసి భయపడ్డారు, పాపం."

అమ్మాయి ఆ మాట అటు చేర్చింది. గాయని తలెత్తి చూసింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు జారాయి. ముక్కు ఎర్రబడింది, గడ్డం వణికింది, చూడ్డానికి ఏమీ బాగాలేదు. జెలిపా దగ్గర్నుంచి చూసింది. నున్నగా వచ్చిన పని కాదది.

లేవబోతూ గాయని మళ్ళీ ఆగింది. అటు, మూడు బారల దూరంలో ఖాళీగా ఉన్న జెలిపా చోటు వైపు చూపించి ఏదో అంది.

"అక్కడ ఇంకొకావిడ ఉండేదట. శుభ్రంగా తయారై వచ్చిందట. మేడమ్ ఆవిడ పక్కనే కూర్చోవాల్సిందట. ఆవిడ చూపు చూసి, నా లోపల ఏముందో ఈమెకి తెలిసిపోతుందని భయమేసి ఇటు వచ్చేశారట. ఆవిడ ఏదో రాగం తీస్తూనే ఉందట. అంత మంచి గొంతు మళ్ళీ వినలేదంటున్నారు. ఆ రాగం సగమే గుర్తుంది, మిగతా సగం ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదట. ఆవిడ ఉందా?"

గాయని కళ్ళు మూసుకుని ఆ సగం తీసింది. సన్నగా, అక్కడక్కడా తప్పుతూ. అయినా అది అదే. జొన్నలు దంచే పాట.

జెలిపా గొంతులో మిగతా సగం కదిలింది. పొడి పట్టిన గొంతే, అయినా కదిలింది. మైనాలాకి పాట రాదు. ఇప్పుడు పాడితే తనెవరో బయటపడుతుంది. ఇంతసేపూ పొందిందంతా దొంగసొత్తని ఈ ఇద్దరి ముందూ తేలుతుంది. దుబాసీ అమ్మాయి జవాబు కోసం చూస్తోంది.

"ఆమె చచ్చిపోయింది," అంది జెలిపా.

"ఆ పాట మీకు?"

"నాకు పాటలు రావు."

గాయని ఆ ఖాళీ చోటు దగ్గరికి వెళ్ళి కాసేపు తల వంచుకుని నిలబడింది. తరవాత కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా జెలిపా కదల్లేదు. తన కోసం ఒకరు అలా తల వంచి నిలబడటం బతికుండగానే చూసింది. జీవితంలో మొదటిసారి ఆమె మైనాలా మీద కాక, ఎనిమిదేళ్ళ కిందట ఆ మూడు బారల దూరంలో కూర్చున్న ఆడదాని మీద అసూయపడింది. ఆమె దగ్గర అంతా ఉంది. ఆ సంగతే ఆమెకి తెలియలేదు.

సుత్తి అక్కడే వదిలేసి సందులోకి నడిచింది. మైనాలాకి అంతా చెప్పెయ్యాలి. తిట్టినా సరే. మైనాలా తిట్టదు, నవ్వుతుంది. నవ్వి, పోన్లే అక్కా అంటుంది. ఈసారి ఆ మాట పడదామనే అనుకుంది. కారు, బయటివాళ్ళెవరొచ్చినా ఆగే పేట ఆఫీసు వైపే వెళ్ళి ఉంటుంది, ఫోస్టీనాని పరుగెత్తిస్తే ఇంకా అందుకోవచ్చు అని కూడా అనుకుంది.

వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు. ఒకామె పొయ్యి రాజేస్తోంది. తండీవె గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. జెలిపాని చూసి లేచి వచ్చి భుజం మీద వాలింది.

"జావ రెండు చెంచాలు తాగింది పెద్దమ్మా. కాసేపు పడుకుంటానంది. మంచినీళ్ళిద్దామని వెళితే..."

ఎప్పుడని జెలిపా అడగలేదు. కారు వచ్చాకా, వెళ్ళాకా, తగ్గిపోయింది అని తను అంటున్నప్పుడా అని అడగలేదు. లోపలికి వెళ్ళి అందరితో పాటు గోడవారన కూర్చుంది. కడిగిన మైనాలా మొహం దుమ్ము లేకుండా, చిన్నదిగా ఉంది. గోడల మీదికి ఎక్కేంత పెద్ద మొహంలా అనిపించలేదు. ఎవరో జెలిపాని పాట ఎత్తుకోమన్నారు. ఆమె ఎత్తుకుంది. చర్చిపాట కాదు, దంచేటప్పటి పాట, మొదటి నుంచి చివరిదాకా. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు గాని ఆపలేదు.

పొద్దు వాలాక నీళ్ళ కోసం పెరట్లోకి వెళితే, తండీవె వెనకే వచ్చి, రేపు పనికి వెళతానని అమ్మ పొద్దున్నే పట్టుబట్టి తన గుడ్డ ఉతికించిందని చెప్పింది. తీగ మీద ఆకుపచ్చ చితెంగె గుడ్డ, మోకాలి దగ్గర కొత్తగా మాసిక వేసి ఉంది. ఎండ లేని రోజు కదా, దాని అంచు నుంచి ఇంకా ఒక్కొక్క చుక్కే కిందికి జారుతోంది.