లేవి చేసిన పెద్ద ఇంజను

కర్నూలు రాజధాని అయిన ఏడాది లేవికి బేతంచెర్లలో పని. నాపరాళ్లు మోసే లారీలు బాగుచేసేవాడు. భార్య విశ్వాసమ్మ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం వస్తే బస్సులు మారి ఆమె దగ్గరికి పోయేవాడు. చంటిబిడ్డను ఒళ్లోకి తీసుకొని నాలుగు మాటలు మాట్లాడేలోపే తిరుగు బస్సుకు వేళయ్యేది.

యుద్ధంలో మిలిటరీ బండ్లు బాగుచేసిన మనిషి. మద్రాసులో పాత మిలిటరీ మోటారు సైకిళ్లు వేలం వేస్తే ఒకటి కొనుక్కొచ్చాడు. అది చిన్న ఎత్తుకే ఆయాసపడేది.

"దీని ఇంజను పెద్దది చేస్తా. రెండు గంటల్లో నీ ముందర ఉంటా," అన్నాడు విశ్వాసమ్మతో.

ఆమె ముఖం వెలిగింది. "అట్లయితే శనివారమే వచ్చి, రాత్రికి ఈడనే ఉండొచ్చు."

ఆ మాటతో లేవి పనిలో దిగాడు. గుంతకల్లులో లేతు మిషను నడిపే బొజ్జన్న చేత సిలిండరు తొలిపించి వెడల్పు చేయించాడు. లారీ పిస్టన్‌ను తరిగి అందులో కూర్చాడు. అంత పిస్టన్‌కు దాన్ని పట్టి ఉంచే పాత రాడ్డు ఆగలేదు. రాడ్డు మారిస్తే బేరింగులు చాల్లేదు. ఇంట్లో ఉన్న పాడిబర్రెను అమ్మేశాడు. అదీ సరిపోక ఆదివారాలు కూడా లారీల కింద దూరి పనిచేశాడు. జమ్మలమడుగు పోవడం తగ్గింది. అటు పోయే లారీ డ్రైవరు ఉరుకుందుతో, "వచ్చే వారం తప్పకుండా వస్తానని చెప్పప్పా," అని కబురు పంపేవాడు.

మొదటిసారి నడిపితే పిస్టన్ వేడికి సిలిండరులో పట్టేసింది. మళ్లీ గుంతకల్లు పోయాడు.

"ఇంగా తొలిస్తే గోడ పల్చనైపోతాదప్పా. ఎక్కువ దినాలు రాదు," అన్నాడు బొజ్జన్న.

"రాకపోయినా పోనీ. తొలుచు," అన్నాడు లేవి.

ఏడాది దాటాక ఒక శనివారం బండి బయల్దేరింది. బనగానపల్లె దాటాక నల్లరేగడి నేలలో రోడ్డు తిన్నగా సాగింది. వేగం పెంచే పిడి తిప్పితే బండి ముందుకు ఉరికింది. ఆ మోతకు జొన్నచేలల్లోంచి పిట్టలు లేచాయి. కళ్లల్లో నీళ్లు కారుతున్నా లేవి వేగం తగ్గించలేదు. కాసేపు విశ్వాసమ్మ కూడా గుర్తుకు రాలేదు.

జమ్మలమడుగులో ఇంటి గుమ్మంలో ఆడుకుంటున్న బిడ్డ ఆ శబ్దానికి కెవ్వుమని తల్లి చీర వెనక దాక్కుంది. లేవి చేతులు చాచినా రాలేదు.

"భయపడాకమ్మా, మీ నాయన," అంది విశ్వాసమ్మ. కొంగుతో అతని ముఖం మీది మసి తుడిచింది.

"రెండు గంటల్లో వచ్చినా," అన్నాడు లేవి.

"యాడాది పట్టింది," అందామె మెల్లగా.

ఆ తర్వాత కొన్ని శనివారాలు మాత్రమే ఆ బండి వచ్చింది. కోవెలకుంట్ల దగ్గర ఒక మధ్యాహ్నం సిలిండరు పగిలింది. లేవి బండిని అక్కడే పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేసి, జమ్మలమడుగు బస్సుల షెడ్డులో పనికి కుదిరాడు. బిడ్డ మెల్లమెల్లగా దగ్గరికి చేరింది. ఇప్పుడు రోజూ ముగ్గురూ కలిసే అన్నం తింటారు.

ఒకరోజు ప్రొద్దుటూరు రోడ్డు మీద ఎవరిదో మోటారు సైకిలు పోయింది. లేవి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"యాడుండాది నీ మనసు?" అని అడిగింది విశ్వాసమ్మ.

"ఈడనే ఉండాది," అన్నాడు. ఆ శబ్దం పూర్తిగా వినబడకుండా పోయేదాకా మాత్రం ముద్ద నోట్లో పెట్టలేదు.