మా మండలి ఎడమకే తిరుగుతుంది

నేను ఒక చిల్లుల కుండను. కుండకి చిల్లు పడితే మీరు బయట పారేస్తారు, నాకు మాత్రం కావాలని పెట్టారు. భుజ్‌లో ఒక కుమ్మరి నన్ను చేస్తే, తడి ఆరకముందే అతని భార్య వెదురుపుల్లతో ఒళ్ళంతా పొడిచింది. నవరాత్రుల్లో నా లోపల దీపం పెట్టి, నన్ను మధ్యలో ఉంచి, ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతారు. అదే గర్బా. పండగ కాగానే నా జాతివాళ్ళని నీళ్ళలో కలిపేస్తారు. నాకా యోగం లేదు. రళియాత్‌బెన్ అనే ఆవిడ నన్ను చీరల మధ్య చుట్టి ఇంగ్లండులోని లెస్టర్‌కి తెచ్చేసింది. అక్కడ కుమ్మరి దొరకలేదని నలభై రెండేళ్ళుగా నన్నే వాడుతున్నారు. ఇప్పుడు దీపం కూడా బ్యాటరీదే. మావాళ్ళు ఆడే బడి హాల్లో నిప్పు వెలిగిస్తే అలారం మోగి ఫైరింజన్ వస్తుందట. ఒకసారి వచ్చింది కూడా. వచ్చినవాళ్ళు ప్రసాదం తిని వెళ్ళారు.

నాకు తెలుగెలా వచ్చిందంటారా? పండగయ్యాక నన్ను ఏటా ఒకరింట్లో ఉంచుతారు. పోయినేడు వంతు హైమది. భీమవరం పిల్ల, మందుల షాపులో ఉద్యోగం, మా గర్బా మండలిలో చేరి రెండేళ్ళయింది. నన్ను ఫ్రిజ్ మీద పెట్టి, వంట చేస్తున్నంతసేపూ వాళ్ళమ్మతో ఫోన్లో కబుర్లు. ఏడాదిపాటు వింటే రాయికైనా వచ్చేస్తుంది.

ఇక అసలు సంగతికొస్తాను. గర్బాలో కుండకేసి తిరిగి నిలబడి కుడికి కదలాలి. అందరూ అలాగే ఆడతారు. మా మండలి మాత్రం ఎడమకి కదులుతుంది. తప్పు మొదటిరోజే జరిగింది. రళియాత్‌బెన్ తన గరాజులో ఎనిమిదిమందికి నేర్పుతూ, వాళ్ళకి ఎదురుగా నిలబడి కుడికి అడుగేసింది. వాళ్ళు అద్దంలో చూసినట్టు ఎడమకి వేశారు. అడుగులు చక్కగా కుదిరాయని ఆవిడ మురిసిపోయింది. తీరా నన్ను మధ్యలో పెట్టి ఆట మొదలెడితే ఆవిడొక్కతీ ఇటు, ఎనిమిదిమందీ అటు! పక్కావిడ మీద పడినంత పనయింది. కానీ వాళ్ళు అంత సంబరంగా తిరుగుతుంటే ఆపడానికి మనసొప్పలేదు. కిమ్మనకుండా తనూ ఎడమకి తిరిగింది. వచ్చే ఏడు దిద్దుదాంలే అనుకుంది. మనుషుల వచ్చే ఏళ్ళ సంగతి మీకు తెలిసిందే.

తర్వాత్తర్వాత ఆవిడ అందరికీ 'బా' అయిపోయింది, అంటే అమ్మ. ఊళ్ళో ఇంకే మండలి పిలిచినా తనవాళ్ళని పోనిచ్చేది కాదు. నన్ను తుడిచేటప్పుడు మాత్రం నా దగ్గర గొణుక్కునేది.

ఈ ఏడాది కొంప మునిగింది. ఊళ్ళోని అయిదు మండళ్ళూ కలిసి ఆదివారం మధ్యాహ్నం ఒకే వలయంగా ఆడాలని తీర్మానించాయి. అందరికంటే పాతదాన్నని మధ్యలో నన్నే పెడతారట. బా కాదనలేకపోయింది. వారంపాటు ఆవిడకి అన్నం సహించలేదు. ముందురోజు బా హైమ వాళ్ళ వంటింటికొచ్చి నన్ను తుడుస్తూ, "నలభై ఏళ్ళు నన్ను నమ్మారు. రేపు ఊరందరి ముందు వాళ్ళని నవ్వులపాలు చేసేస్తున్నాను" అని కళ్ళొత్తుకుంది. ముందే చెప్పేయొచ్చుగా అంటారా? అన్నేళ్ళు దాచింది ఒక్కపూటలో చెప్పడం మీకు చేతనైతే మీరు గొప్పవాళ్ళే. నాకైతే ఆవిణ్ణి చూసి ఏడుపొచ్చింది.

ఆదివారం నాలుగు వందలమంది వచ్చారు. ఢోలు మీద మొదటి దెబ్బ పడింది. అందరూ కుడికి, మావాళ్ళు పద్నాలుగుమందీ ఎడమకి. భుజాలకి భుజాలు తగిలాయి. ఒకావిడ కళ్ళజోడు ఎగిరొచ్చి నా పక్కన పడింది. ఢోలు ఆగిపోయింది. హాలు హాలంతా మావాళ్ళకేసే చూస్తోంది.

బా కుర్చీలోంచి లేచింది. ఎనభై ఏళ్ళ మనిషి, మెల్లగా మధ్యకొచ్చింది.

"వీళ్ళ తప్పేం లేదు. నేనే తప్పు నేర్పాను. మొదటిరోజే తెలిసింది నాకు. చెప్పలేకపోయాను."

మా జట్టుని నడిపే హేతల్ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మాకూ తెలుసు బా. ముప్ఫై ఏళ్ళ కిందట మా చెల్లి పెళ్ళికి వడోదర వెళ్ళినప్పుడే తెలిసింది. అక్కడ అందర్నీ గుద్దుకుని భుజం వాచిపోయింది. వచ్చి వీళ్ళందరికీ చెప్పాను."

"మరి?"

"పెళ్ళిళ్ళకని అక్కడికి వెళ్తే కుడికే ఆడతాం. ఇక్కడ మీరు చూస్తుంటారు కదా. ఇవాళ ఎటు ఆడాలో తేల్చుకోలేకపోయాం. మీరు ఎదురుగా కూర్చున్నారు, కాళ్ళు ఎడమకే వెళ్ళాయి."

ఇన్నేళ్ళు నడిమధ్యన కూర్చుని చూసినదాన్ని, నాకే తెలియలేదంటే చూడండి. ఆవిడ నొచ్చుకోకూడదని ఆ పిల్లలు ముప్ఫై ఏళ్ళు తెలిసి తెలిసి తప్పుగా ఆడారు.

హైమకి ఈ గొడవంతా ఇప్పుడే అర్థమైనట్టుంది. "ఇందులో తప్పేముందండీ బాబూ? మా గుళ్ళో ప్రదక్షిణాలు ఇటువైపే చేస్తాం కదా" అంది తన భీమవరం గుజరాతీలో. ముందు కళ్ళజోడు పోయినావిడ నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది.

"మరి ఎటు కానిద్దాం బా?" అనడిగాడు ఢోలు వాయించేవాడు.

"పెద్ద వలయాన్ని కుడికే తిరగనీ. మేం లోపల, కుండ దగ్గర ఆడతాం. మాది ఎడమకే" అంది బా. కొంగు దోపుకుని హేతల్‌కీ హైమకీ మధ్య నిలబడింది.

ఢోలు మళ్ళీ అందుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను. ఏమీ దాచుకోకుండా ఆవిడ ఆడటం అదే మొదటిసారి. ఆవిడ చప్పట్లు అంత గట్టిగా మోగుతాయని నాకు అంతవరకూ తెలియదు.